టాస్క్ యాప్‌కు పైసలు కట్టాలా? నలుగురు పనిచేసే ట్యాక్స్ ఆఫీసు, 62 మంది పార్టీలు

మిల్లు లెక్కలు (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు, నాతోని కలిపి నలుగురం. పార్టీలు, అంటే మాతోని లెక్కలు చేయించుకునేటోళ్లు, 62 మంది. నెలనెలా 3బీ (జీఎస్టీ లెక్క చెప్పి పన్ను కట్టే రిటర్న్) వేసేటోళ్లు 38, మూడు నెలలకోసారి వేసే క్యూఆర్‌ఎంపీ వాళ్లు 17, కాంపోజిషన్ (అమ్మకాల మీద ఇంత శాతమని కట్టే చిన్న వ్యాపారుల స్కీము) వాళ్లు 7. ఎక్కువ మంది రైస్ మిల్లులు, ఎరువుల దుకాణాలు, సిమెంటు-ఐరన్ షాపుల వాళ్లు. అందుల 14 మందికి టీడీఎస్ (జీతాలు, బిల్లుల నుంచి ముందే కోసి కట్టే పన్ను), 9 మందికి పీఎఫ్, ఈఎస్‌ఐ కూడ మేమే చూస్తం.

ఇప్పటిదాక గోడ క్యాలెండరు, డైరీ, వాట్సాప్ గ్రూపుతోనే నడుస్తున్నది. గ్రూపుల పెట్టిన పని సాయంత్రానికి కిందికి పోతది, ఎవరు పట్టుకున్నరో తెల్వది. టిక్‌టిక్ అనే టాస్క్ యాప్ ఉచితంగ దించుకొని ఒక్కో పార్టీకి ఒక్కో లిస్టు చేసుడు మొదలువెట్టిన. 9 లిస్టులు కాంగనే ఇగ పైసలు కట్టుమన్నది. పైగా అలారం ఒకసారి మోగుతది, ఒకసారి మోగది. పైసలు కడితే ఈ రెండూ సరి అయితయా? లేక పెద్ద టీమ్ ప్లాన్ తీసుకోవాల్నా? తెలిసినోళ్లు లెక్కతోని చెప్పుండ్రి.

---

పాలమూరు పద్దు (మహబూబ్‌నగర్)

అన్నా, అలారం సంగతి ఫోన్ తెలిసినోళ్లు చెప్తరు, నేను లిస్టుల సంగతి చెప్త. ఒక్కో పార్టీకి ఒక్కో లిస్టు పెట్టుడే ఇక్కడ తప్పు. అట్ల పోతే ఏ ఉచిత ప్లానూ సరిపోదు. టోడోయిస్ట్ అనే ఇంకో యాప్ ఉచితంల అయితే 5 ప్రాజెక్టులకే, అంటే లిస్టులకే, ఆగుతది. పైసలు కట్టి 62 లిస్టులు చేసినా పొద్దుగాల ఒక్కొక్కటి తెరిచి చూసుడే పని అయితది.

మన పనికి రెండు ముక్కలున్నయి, వాటిని విడదీయాలె. ఎవరి రిటర్న్ ఎంతవరకు వచ్చింది అనేది పట్టిక పని. ఏ తేదీకి ఏం చేయాలె అనేది యాప్ పని.

పట్టికకు గూగుల్ షీట్ చాలు. అడ్డం 62 పార్టీలు. నిలువు గళ్లల్ల అమ్మకం బిల్లులు వచ్చినయా, జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేసినమా, 2బీ (కొన్న బిల్లుల మీద వచ్చే పన్ను క్రెడిట్ చూపించే పోర్టల్ పట్టిక) కలిపినమా, చలాన్ కట్టిండ్రా, 3బీ అయ్యిందా, ఏఆర్‌ఎన్ నంబరు (రిటర్న్ వేసినట్టు పోర్టల్ ఇచ్చే రసీదు నంబరు), చూసే మనిషి పేరు. ప్రతి గడిల చేత్తో రాయనీయొద్దు. కంప్యూటర్ల డేటా వ్యాలిడేషన్‌కు పోయి డ్రాప్‌డౌన్ పెట్టి "రాలేదు, వచ్చింది, అడిగినం, అయిపోయింది" అని నాలుగే మాటలు ఉంచు. ఒకరు "ఓకే" అని, ఇంకొకరు "డన్" అని, మరొకరు టిక్కు గుర్తు పెడితే తర్వాత వడబోసి చూడరాదు. "రాలేదు" ఉన్న గడి ఎర్రగ అయ్యేటట్టు కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టు. నెల మారంగనే ఆ ట్యాబ్‌ను డూప్లికేట్ చేసి గళ్లు ఖాళీ చేస్తే సరి. నలుగురు ఒకేసారి వాడేటప్పుడు మామూలు ఫిల్టర్ పెడితే మిగతా ముగ్గురికీ వరుసలు మాయమైతయి, అందుకని ఫిల్టర్ వ్యూ వాడుమని అందరికీ చెప్పు.

యాప్‌ల తేదీలే ఉండాలె, పార్టీల పేర్లు ఉండొద్దు. 7న టీడీఎస్ కట్టుడు, 10న వృత్తి పన్ను, 11న జీఎస్టీఆర్-1, 13న క్యూఆర్‌ఎంపీ వాళ్ల బిల్లులు, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న 3బీ. ఇవి ప్రతి నెలా తిరిగేటివి, ఒక్కసారి పెడితే అయిపాయె.

తిప్పలు వచ్చేది మూడు నెలల లెక్కల కాడ. క్యూఆర్‌ఎంపీ వాళ్లు నెల పన్ను కట్టే పీఎంటీ-06 చలాన్ 25న కట్టాలె గని అది త్రైమాసికంల మొదటి రెండు నెలలకే. ఏప్రిల్‌ది మే 25న, మేది జూన్ 25న. జూలైల ఉండదు, దాని బదులు 22న మూడు నెలల 3బీ వస్తది. "ప్రతి నెలా 25" అని పెడితే జూలై, అక్టోబర్, జనవరి, ఏప్రిల్‌ల ఉత్తగనే మోగుతది. నాలుగుసార్లు ఉత్తగ మోగిన అలారాన్ని ఐదోసారి ఎవ్వరూ పట్టించుకోరు. దానికి రెండు టాస్కులు చెయ్యి. ఒకటి మే 25 నుంచి మూడు నెలలకోసారి, ఇంకొకటి జూన్ 25 నుంచి మూడు నెలలకోసారి. ఏడాదికి సరిగ్గ ఎనిమిది సార్లు మోగుతది. 13వ తేదీది ప్రతి నెలా ఉంటది గని పని వేరు: రెండు నెలలు ఐఎఫ్ఎఫ్ (అమ్మకం బిల్లులు మాత్రమే ఎక్కించుడు), మూడో నెల అసలు జీఎస్టీఆర్-1. కాంపోజిషన్ వాళ్లు మూడు నెలలకోసారి పన్ను కట్టే సీఎంపీ-08 మాత్రం 18నే, ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరిల.

ఇట్ల చేస్తే జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్-ఈఎస్‌ఐ, నోటీసులు, పార్టీలను అడిగేటివి, ఆఫీసు పనులు: మొత్తం 6 లిస్టులు. నీ 9ల ఇంకా మూడు మిగుల్తయి. టీడీఎస్, పీఎఫ్ ఒక్కటి చేస్తే టోడోయిస్ట్ 5ల కూడ పడుతయి.

---

సిగ్నల్ పాయింట్ (నల్లగొండ)

అలారం గురించి. సార్, పైసలు కడితే అలారం సరిగ్గా మోగుతుందని అనుకోకండి. ఒకసారి మోగి ఒకసారి మోగకపోవడం చాలా వరకు ఫోన్ సెట్టింగుల సమస్యే. డబ్బు కట్టిన యాప్‌ను కూడా ఫోన్ అలాగే ఆపేస్తుంది.

బ్యాటరీ మిగల్చడానికి ఫోన్ వెనకాల నడిచే యాప్‌లను ఆపుతుంది. షావోమీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లలో ఇది మరీ గట్టిగా ఉంటుంది. నాలుగు ఫోన్లలోనూ ఇవి చూడండి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మీ టాస్క్ యాప్, బ్యాటరీ. అక్కడ అన్‌రిస్ట్రిక్టెడ్ లేదా నో రిస్ట్రిక్షన్స్ ఎంచుకోవాలి. ఆటోస్టార్ట్ అనే మీట ఉంటే ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ పంపడానికి విడిగా అనుమతి అడుగుతుంది. మొదటిసారి తెరిచినప్పుడు తొందరలో వద్దని నొక్కి ఉంటే ఇక మోగదు. ఎక్కువ మందికి తెలియనిది ఇంకొకటి: ఆండ్రాయిడ్ 12 నుంచి "అలారమ్స్ అండ్ రిమైండర్స్" అని ప్రత్యేక అనుమతి వచ్చింది. అది లేకపోతే 10 గంటల అలారం ఫోన్ మేలుకున్నప్పుడు ఎప్పుడో వస్తుంది. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా దించుకున్న చాలా యాప్‌లకు ఆ అనుమతి మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. స్పెషల్ యాప్ యాక్సెస్ లోపల దొరుకుతుంది.

సరిచేశాక రెండు పరీక్షలు పెట్టండి. పది నిమిషాల తర్వాతకు ఒక రిమైండర్ పెట్టి, యాప్‌ను రీసెంట్స్ నుంచి తీసేసి, స్క్రీన్ లాక్ చేసి టేబుల్ మీద ఉంచండి. అది మోగితే రాత్రి పడుకునేముందు మరుసటి పొద్దున 6 గంటలకు ఇంకొకటి పెట్టండి. ఛార్జింగ్‌కు పెట్టకండి, కదపకండి. గంటల తరబడి కదలని ఫోన్ గాఢనిద్రలోకి పోతుంది, అసలు పరీక్ష అదే. ఫోర్స్ స్టాప్ మాత్రం ఎవరూ నొక్కకూడదు. నొక్కితే పెట్టిన అలారాలన్నీ పోతాయి, యాప్‌ను మళ్లీ తెరిచేదాకా ఒక్కటీ మోగదు. ఫోన్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఈ సెట్టింగులు తిరిగి చూసుకోవాలి.

ఈ రెండు పరీక్షలు అయ్యాకే డబ్బు విషయం ఆలోచించండి.

---

మిల్లు లెక్కలు

మస్తు థ్యాంక్స్. మా ముగ్గురి ఫోన్లల్ల ఆ అలారమ్స్ అనుమతి ఆఫ్‌లనే ఉండె. ఇప్పుడు పది నిమిషాల పరీక్షకు మోగినయి, రాత్రిది కూడ చూస్త. షీట్ సంగతి అర్థమైంది. ఒక్కటే అనుమానం: షీట్ తనంతట తాను మోగది గద? "ఫలానా మిల్లు ఓనర్‌ను బుధవారం అడగాలె" అనేది ఎక్కడ రాయాలె, ఎవరికి అప్పజెప్పాలె?

---

దేవరకొండ రోడ్డు

ఇక్కడనే పాలమూరు పద్దు అన్న చెప్పిన మాటకు నేను కొంచెం అడ్డం వస్త. షీట్ మంచిదే గని అడిగే పనులకు, నోటీసులకు అది పనికిరాదు. గడిల "అడిగినం" అని రాసి నాలుగు రోజులైనా ఎవరికీ కండ్లవడదు. పైసలు కట్టేది ఏమన్న ఉంటే ఈ ముక్కకే కట్టాలె.

నెలనెలా వచ్చే తేదీలు మనకు నోటికే ఉంటయి, పోర్టల్ కూడ మెసేజ్‌లు పంపుతది. దెబ్బకొట్టేది ఒక్కసారే వచ్చే తేదీ. ఏఎస్‌ఎంటీ-10 (రిటర్న్‌ల తేడా ఉందని అడిగే నోటీసు) వస్తే జవాబుకు 30 రోజుల దాక. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఆర్‌ఈజీ-03 (ఇంకా వివరాలు కావాలనే నోటీసు) వస్తే 7 పనిదినాలు. రిజిస్ట్రేషన్ రద్దు చేస్తమని ఆర్‌ఈజీ-17 వస్తే 7 పనిదినాలే. యాప్‌ల "7 రోజుల తర్వాత" అని కొడితే ఆదివారాలు, పండుగలు కలిపి లెక్కవెడతది. పనిదినాలు నువ్వే క్యాలెండర్ల లెక్కవెట్టి తేదీ వెయ్యాలె. వేసేటప్పుడు మూడు టాస్కులుగ వెయ్యి: పార్టీ నుంచి కాయితాలు తెచ్చుడు, జవాబు రాసుడు, పోర్టల్‌ల ఎక్కించుడు. ఒక్కటే టాస్కు పెట్టి చివరి తేదీ వేస్తే ఆ రోజు పొద్దుగాలనే కాయితాలు వెతుకుడు మొదలైతది.

ఇది నడవాలంటే యాప్‌ల నాలుగు ఉండాలె. పనిని మనిషికి అప్పజెప్పుడు, నోటీసు పీడీఎఫ్ దానికే జోడించుడు, అందరి ఫోన్లల్ల కనవడుడు, అన్ని లిస్టులల్ల మూడు రోజుల్ల చేయాల్సినవి ఒక్కకాడ చూపించుడు. మైక్రోసాఫ్ట్ టు డూ అనే యాప్‌ల మొదటి మూడూ ఉచితమే. లిస్టు లింకు పంపి షేర్ చేయొచ్చు, పనిని మనిషి పేరుకు వేయొచ్చు, 25 ఎంబీ దాక ఫైలు పెట్టొచ్చు. గూగుల్ టాస్క్స్ ఒక్క మనిషికి మంచిదే గని మామూలు జీమెయిల్ ఖాతాల లిస్టు షేర్ చేయరాదు, అది మీకు కుదరది.

నాలుగోది, అంటే మనిషి పేరు, లేబుల్, తేదీ కలిపి వడబోసి చూసుడు, టోడోయిస్ట్ అసొంటి యాప్‌లల్ల గట్టిగ ఉంటది. అది కావాల్సింది నలుగురికి కాదు, పని చూసుకునే ఒక్క మనిషికి. అందుకే టీమ్ ప్లాన్ జోలికి పోకుండ్రి. టీమ్ ప్లాన్లు తలకు ఇంత అని ఉంటయి. తలకు నెలకు 400 అనుకుంటే నలుగురికి 1,600, ఏడాదికి 19,200. స్టాఫ్‌కు 15,000 జీతం, నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు అంటే గంటకు 72 రూపాయలు. ఆ 1,600 రాబట్టాలంటే నెలకు 22 గంటలు మిగలాలె, అంటే ఒక్కొక్కరికి రోజుకు 13 నిమిషాలు. పొద్దుందాక కంప్యూటర్ ముందు కూసునే పెద్ద ఆఫీసుకు అది మిగలొచ్చు. మీకు అనుమానమే. ఒక్క ఖాతాకు 400 కడితే నెలకు అయిదున్నర గంటలు మిగిల్తే చాలు. "ఇది ఎవరు చూస్తున్నరు" అని అడుగుకుంట తిరిగే టైమే అంతకంటె ఎక్కువ.

ఇంకొక మాట. ఆలస్య రుసుముతోని యాప్ ఖరీదు పోల్చుకోకుండ్రి, లెక్క తప్పుతది. 3బీ నాలుగు రోజులు ఆలస్యమైతే రోజుకు 50 చొప్పున 200, కట్టాల్సిన పన్ను 80,000 ఉంటే 18 శాతం వడ్డీ 158 దాక. కలిపి 358. అసలు నష్టం 11వ తేదీ తప్పితే. సిమెంటు షాపు హోల్‌సేల్ వాళ్ల జీఎస్టీఆర్-1 11 దాటి వేస్తే ఆ బిల్లులు కొన్నోళ్లకు ఆ నెల 2బీల రావు, 14న చూసుకుంటే ఉండవు. క్రెడిట్ వచ్చే నెలకు పోతది. వాళ్లు షాపు ఓనర్‌ను అడుగుతరు, ఓనర్ మిమ్ములను అడుగుతడు. పార్టీ చేజారేది అక్కడ. కాబట్టి యాప్‌ల గట్టి అలారం 20కి కాదు, 11కు పెట్టాలె. 5న బిల్లులు అడుగుడు, 8న రానోళ్ల పేర్లు తీసుడు, 10న వేసుడు. 3బీకి 15 నుంచి 17 దాక 2బీ కలుపుడు, 18కి పైసలు పోర్టల్ లెడ్జర్ల (పన్ను కట్టే పైసలు జమయ్యే ఖాతా) పడుడు, 19న వేసుడు. 20 సాయంత్రం పోర్టల్ ఎట్ల నడుస్తదో అందరికీ తెలుసు.

---

పాలమూరు పద్దు

నోటీసుల మాట నిజమే, ఒప్పుకుంటున్న. అవి షీట్ల పెట్టొద్దు.

తేదీలు పెట్టేటప్పుడు ఒక ముఖ్యమైన జాగ్రత్త. మళ్లీ మళ్లీ వచ్చే టాస్కుకు రెండు పద్ధతులుంటయి. ఒకటి క్యాలెండర్ తేదీ పట్టుకొని తిరిగేది, రెండోది పని ముగిసిన రోజు నుంచి లెక్కవెట్టేది. టిక్‌టిక్‌ల ఇది రిపీట్ సెట్టింగుల ఉంటది. టోడోయిస్ట్‌ల "ఎవ్రీ" పక్కకు ఆశ్చర్యార్థకం గుర్తు పడితే రెండో పద్ధతి అయితది. మనకు మొదటిదే కావాలె. రెండోది పెడితే ఒక నెల 3బీ 17న వేసి టిక్కు పెట్టినవనుకో, వచ్చే నెల 17కు పోతది, తర్వాత 23న పెడితే 23కు పోతది. రెండు మూడు నెలలకు తేదీలన్నీ చెదిరిపోతయి, ఎక్కడ చెదిరినయో కూడ తెల్వది.

తెలుగుల "ప్రతి నెల 20" అని కొడితే టోడోయిస్ట్ తేదీ పట్టదు. పని పేరు తెలుగుల రాసుకో, తేదీ ముక్క ఇంగ్లీషుల కొట్టు, లేకపోతే క్యాలెండర్ గుర్తు నొక్కి ఎంచుకో. టీడీఎస్ 7వ తేదీది కూడ ఏప్రిల్‌ల సరిపోదు, మార్చి నెలది ఏప్రిల్ 30 దాక ఉంటది, దానికి ఏడాదికోసారి వచ్చే టాస్కు వేరేగ పెట్టు. ప్రభుత్వం తేదీ పొడిగిస్తే యాప్‌కు తెల్వది, చేత్తో మార్చాలె. ఒక్క నెల తేదీ మార్చినప్పుడు మిగతా నెలలు కూడ జరుగుతున్నయా అని వచ్చే నెలది తెరిచి చూడాలె.

---

ఖాతా పుస్తకం (వనపర్తి)

కట్టాలని నిర్ణయించుకుంటే కట్టే పద్ధతి గురించి కొన్ని విషయాలు.

ఉచిత ట్రయల్ ఏ రోజు మొదలుపెడతారన్నది చాలా ముఖ్యం. 14 రోజుల ట్రయల్ అయితే 8వ తేదీన మొదలుపెట్టండి. 11, 13, 15, 20 అన్నీ అందులోకి వస్తాయి. 7 రోజులదే అయితే 14న మొదలుపెట్టండి, 2బీ వచ్చిన రోజు నుంచి 3బీ దాకా పని మొత్తం దాని మీద నడుస్తుంది. 22 తర్వాత మొదలుపెట్టిన ట్రయల్‌లో పని తక్కువగా ఉంటుంది కాబట్టి ఏ యాప్ అయినా బాగానే కనిపిస్తుంది.

మొదట నెలవారీ ప్లాన్ తీసుకోండి. రెండు 3బీ తేదీలు దానితో దాటాక ఏడాదిది ఆలోచించవచ్చు. ప్లే స్టోర్‌లో ధర రూపాయల్లో, పన్నుతో కలిపి కనిపిస్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో డాలర్లలో కడితే బ్యాంకు మారకపు రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ అదనం. చాలా డెబిట్ కార్డుల్లో విదేశీ చెల్లింపు ఆఫ్‌లో ఉంటుంది. చెల్లింపుకు కార్డు పనిచేయకపోతే ముందు బ్యాంకు యాప్‌లో అది చూడండి. ఇంకొకటి మన వృత్తికి సంబంధించినది: మీ ఆఫీసుకు జీఎస్టీ నంబరు ఉండి, దాన్ని విదేశీ కంపెనీకి ఇచ్చి కొంటే వాళ్లు పన్ను వేయరు, రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టి క్రెడిట్ తీసుకోవాలి. పార్టీలకు చెప్పే మనం మన దగ్గర మరిచిపోకూడదు.

ఆటో డెబిట్ 15,000 రూపాయల లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ అడగకుండానే కట్ అవుతుంది, కానీ 24 గంటల ముందు సందేశం రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ సందేశాన్ని చూడకుండా తీసేయకండి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో కుడివైపు పైనున్న మీ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, అందులో సబ్‌స్క్రిప్షన్స్‌కు వెళ్లి రద్దు చేయాలి. కట్టినన్నాళ్లూ అది పనిచేస్తుంది కాబట్టి వద్దనుకున్న రోజే రద్దు చేసుకోవచ్చు. పొరపాటున కట్ అయితే 48 గంటల లోపు గూగుల్‌నే వాపసు అడగండి. ఆ గడువు దాటితే యాప్ కంపెనీ దయ.

మొదటి రోజే సమాచారం బయటికి తీసే పరీక్ష చేయండి. పది టాస్కులు పెట్టి, సీఎస్‌వీగా దించి, ఎక్సెల్‌లో తెరవండి. తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా వస్తే ఫైలును నేరుగా తెరవకుండా డేటా ట్యాబ్ నుంచి యూటీఎఫ్-8గా తెచ్చుకోండి. ఇది ఎందుకంటే, డబ్బు కట్టినంత మాత్రాన యాప్ నిలబడుతుందన్న హామీ లేదు. వండర్‌లిస్ట్‌ను ఎంతోమంది ఇష్టపడి వాడారు, డబ్బు కట్టే ప్లానూ ఉండేది. 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2020 మే 6న మూసేసింది. అందుకే "ఒక్కసారి కడితే జీవితాంతం" అనే ఆఫర్లు తీసుకోవద్దంటాను. ఆ జీవితం యాప్‌ది, మీది కాదు.

దయచేసి పార్టీల పోర్టల్ పాస్‌వర్డులు, పాన్, ఆధార్ నంబర్లు టాస్కు పేరులో గానీ నోట్‌లో గానీ రాయకండి. షేర్ చేసిన లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ అవి కనిపిస్తాయి, లాక్ స్క్రీన్ నోటిఫికేషన్‌లో కూడా పడతాయి. పాస్‌వర్డులకు బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డులు దాచే యాప్ విడిగా వాడండి. ఆఫీసు నుంచి మనిషి వెళ్లిపోతే అదే రోజు లిస్టుల్లోంచి, షీట్‌లోంచి తీసేయాలి.

---

మిల్లు లెక్కలు

రాత్రి పరీక్షకు మూడు ఫోన్లు మోగినయి, ఒక్కటి మోగలే. దాంట్ల ఆటోస్టార్ట్ మరిచిపోయినం, ఇప్పుడు పెట్టినం.

ఇగ ఇట్ల చేద్దామనుకుంటున్న. షీట్ ఇయ్యాల్నే తయారు చేస్త. నోటీసులు, అడిగే పనులు మైక్రోసాఫ్ట్ టు డూల షేర్ చేసి ఒక 3బీ దాక నడుపుత. దాంట్ల మూడు రోజుల పనులు ఒక్కకాడ చూసుడు కష్టమైతే వచ్చే 8న నా ఒక్క ఖాతాకు టోడోయిస్ట్ ట్రయల్ మొదలువెడత. టీమ్ ప్లాన్ వద్దు. ఒక్కటి చెప్పుండ్రి: షేర్ చేసిన లిస్టుల నేను రిమైండర్ పెడితే మిగతా ముగ్గురికి కూడ మోగుతదా?

---

సిగ్నల్ పాయింట్

మోగుతుందని నమ్మి వదిలేయకండి సార్. గడువు తేదీ అందరికీ కనిపించినా గంట మోగేది అందరికీ ఒకేలా ఉండకపోవచ్చు. ఒక ఉత్తుత్తి టాస్కు పెట్టి, ఐదు నిమిషాల తర్వాతకు రిమైండర్ పెట్టి, నాలుగు ఫోన్లూ పక్కపక్కన ఉంచి చూడండి. పెట్టినవారికే మోగితే, పని ఎవరి పేరు మీద ఉందో వాళ్లే తమ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోవాలని నియమం చేయండి. అప్పజెప్పినప్పుడే, మీ ముందే పెట్టించండి.